తొంభై ఐదు దగ్గర ఆగాలి

పృథ్వీరాజ్ శవం దొరికేసరికి అతని కారు ఇంజను ఇంకా నడుస్తూనే ఉంది.

ఫరీదాబాద్ సెక్టార్ పదిహేనులో అద్దె ఇల్లు, కింద గరాజ్. షట్టరు మూసి ఉంది. డ్రైవింగ్ సీట్లో ముప్ఫై రెండేళ్ళ ఇంజనీరు నిద్రపోతున్నవాడిలా తల వాల్చి ఉన్నాడు. పొద్దున్న ఆరింటికి పైవాటా పనిమనిషి చూసింది. రాత్రి పదింటి నుంచి పొగలో కూర్చుని ప్రాణం తీసుకున్నాడని పోలీసులు తేల్చేశారు.

"నిన్న ఉదయం సంగతి ఇది. నువ్వేమంటావ్?" అన్నాడు భీమేశ్వరరావు.

కరోల్ బాగ్‌లో ఓ మూడో అంతస్తు గది. బయట బోర్డు మీద 'సివిల్స్ కోచింగ్: తెలుగు సాహిత్యం ఆప్షనల్, కొత్త బ్యాచ్ సోమవారం నుంచి' అని ఉంటుంది. ఆ సోమవారం పదకొండేళ్ళుగా రాలేదు. దేశ రహస్య విభాగంలో ఓ చిన్న శాఖ ఆ బోర్డు వెనక పనిచేస్తుంది. భీమేశ్వరరావు దానికి చీఫ్. చుట్టుపక్కలవాళ్ళకి మాత్రం లెక్చరర్ సాబ్.

ఎదురుగా కూర్చున్న అరుంధతికి నలభై ఆరేళ్ళు. సొంత ఊరు అమలాపురం. విభాగం రికార్డుల్లో ఏజెంట్ సెవెన్టీన్. ఒకసారి చూసినవాళ్ళు రెండోసారి గుర్తుపట్టలేని ముఖం ఆమెది. విభాగం దగ్గర అంతకు మించిన ఆయుధం లేదు.

ఆమె ఫైలు మూసింది. "రాత్రి తొమ్మిదిన్నరకి బంకులో ట్యాంకు ఫుల్ చేయించాడు సార్. సీసీ కెమెరాలో ఉంది. అక్కణ్ణించి ఇంటికి రెండు కిలోమీటర్లు. పది నుంచి ఆరు దాకా ఇంజను నడిస్తే, నిలబెట్టిన కారైనా ఏడెనిమిది లీటర్లు తాగుతుంది."

"తాగలేదా?"

"ఒక్క లీటరు తగ్గింది. అంటే ఇంజను తెల్లవారుజామున అయిదింటికి ఎవరో స్టార్ట్ చేశారు. ఈయన పొగతోనే పోయాడు. కానీ ఆ కారు పొగతో కాదు. ఇంకెక్కడో చంపి, తెచ్చి కూర్చోబెట్టారు."

భీమేశ్వరరావు మెచ్చుకోలేదు. మెచ్చుకోవడం ఆయనకు అలవాటు లేదు. ఇంకో ఫైలు తోశాడు.

"శతఘ్ని మోటార్స్. ఫరీదాబాద్ ఫ్యాక్టరీ. గరుత్మ అని ఓ స్పోర్ట్స్ కారు తయారు చేశారు."

"స్పోర్ట్స్ కారుతో మనకేం పని సార్?"

"కారుతో కాదు, అందులో ఉన్న డబ్బాతో. మామూలు కారులో బ్రేకు తొక్కితే ఆ వేగమంతా వేడెక్కి గాల్లో కలిసిపోతుంది. ఈ డబ్బా దాన్ని పట్టుకుని, కరెంటుగా మార్చి బ్యాటరీలో దాస్తుంది. మళ్ళీ పరుగు కావాలంటే అక్కణ్ణించి తీసిస్తుంది. మంచు కొండల మీది పోస్టులకు డీజిల్ మోసే లారీలు దారిలో తామే సగం తాగేస్తున్నాయి. కొండ దిగేటప్పుడు వృథా అయ్యేదాన్ని ఇది పట్టుకుంటే సైన్యానికి మూడో వంతు ఇంధనం మిగులుతుంది. ఈరోజు పన్నెండింటికి గ్రేటర్ నోయిడా ట్రాక్ మీద డెమో. రక్షణ శాఖ పెద్దలంతా వస్తున్నారు. నేనూ ఉంటాను."

"అడ్డుపడుతున్నదెవరు?"

"ఆర్కిడ్. విదేశీ ముఠా. పృథ్వీరాజ్ ఆ డబ్బాకి సాఫ్ట్‌వేర్ రాసినవాడు. పోయేముందు మనకి ఒక్క మెసేజ్ పంపాడు."

ఆ మెసేజ్ రాసిన చీటీ మీద రెండు ముక్కలున్నాయి. 'తొంభై ఐదు దగ్గర ఆగాలి. ఆ లైను తీసేశారు.'

"అర్థం?"

"అది కనుక్కోవడానికే నువ్వు వెళ్తున్నావు. నీ పేరు సునంద. ప్రభుత్వ మైలేజ్ ఇన్‌స్పెక్టర్. మార్కెట్లోకి వదిలే ముందు కారు ఎంత తాగుతుందో చూసి సంతకం పెట్టాలి." డ్రాయర్లోంచి ఓ చేతి గడియారం తీశాడు. "విషవాయువు ఉంటే ఇందులో అంకె పెరుగుతుంది. వెయ్యి దాటితే పారిపో. ప్రమాదమైతే ఫోన్ చేసి 'ఆప్షనల్ మార్చుకుంటున్నా' అను."

"లోపల మనవాళ్ళెవరైనా?"

"ఇషిత. రేసింగ్ డ్రైవర్. ఫోటోలు చూసే ఉంటావు. ఆరు నెలలుగా మనకి సమాచారం ఇస్తోంది. నీ అసలు పేరు ఆ అమ్మాయికి తెలుసు."

"అది అవసరమా సార్?"

భీమేశ్వరరావు గడియారం ఆమె చేతిలో పెట్టి డ్రాయరు మూశాడు.

*

నవంబరు నెల. ఆకాశం బూడిద రంగు గోనెసంచిలా ఫరీదాబాద్ మీద పరుచుకుని ఉంది. పదకొండింటికి అరుంధతి నేత చీరలో, భుజాన గుడ్డ సంచీతో, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలతో శతఘ్ని గేటు దాటింది. సెక్యూరిటీ గార్డు ఆమెను క్యాంటీన్ కాంట్రాక్టర్ భార్య అనుకున్నాడు.

టెస్ట్ సెల్ ఇన్‌చార్జి నాగభూషణం. అరవై దగ్గర పడ్డ మనిషి. రిజిస్టర్లో ఆమె తెలుగు సంతకం చూసి ముఖమంతా వెలిగిపోయింది.

"తెలుగోరేటమ్మా మీరు! నాది అనకాపిల్లి. ఈ ఊరొచ్చి ముప్పయ్యేళ్ళయిపోనాది. రండి, రండి."

సెల్ అంటే మందపాటి కాంక్రీటు గది. కిటికీ లేదు. ఒక వైపు ఇనుప షట్టరు, ఒక వైపు కంట్రోల్ రూమ్ అద్దం. నేలలో పెద్ద ఉక్కు రోలర్లు, వాటి మీద ఎర్రటి గరుత్మ. నాలుగు వైపులా పట్టీలతో కట్టేసి ఉంది. వెనక పొగ గొట్టానికి ఏనుగు తొండమంత పైపు తగిలించారు.

"కారు ఎంత పరుగెట్టినా ఇక్కడే ఉంటాదమ్మా. రోలర్లకీ మోటారుంది. కారు రోలర్ని తిప్పొచ్చు, రోలరే కారు చక్రాల్ని తిప్పొచ్చు. ఆ తొండం పొగని లాగేసి, ఎంత పెట్రోలు కాలిందో లెక్క కడతాది."

"ఏదైనా తేడా జరిగితే?"

"వేగం రెండొందల యాభై దాటిందంటే ఈ రోలర్ల రిగ్ ట్రిప్పయిపోద్ది. సైరన్ మోగతాది, షట్టర్ లెగిసిపోద్ది, పొగ ఫ్యానులన్నీ తిరుగుతాయి. దానికి కంప్యూటర్‌తో పన్లేదమ్మా, ఉత్త వైరింగే. నా సేత్తో ఏసినాను. ఎవుడూ ఆపలేడు."

అంతలో కంట్రోల్ రూమ్ తలుపు తీసుకుని ఓ పొడుగాటి తెల్లవాడు వచ్చాడు. ఫెలిక్స్ వోల్కర్, విదేశీ కన్సల్టెంట్. నవ్వు ముఖం. "నాగూ, మేడమ్ కోసం స్పెషల్ టీ. గేటు బయట అంగడిది. ప్లీజ్," అన్నాడు. నాగభూషణం సంతోషంగా వెళ్ళిపోయాడు.

వోల్కర్ వెనకే ఇషిత వచ్చింది. ఎర్రటి రేసింగ్ సూటు, చంకలో హెల్మెట్, పోస్టర్లలో కనిపించేదానికన్నా చిన్న ముఖం. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. వోల్కర్ మళ్ళీ కంట్రోల్ రూమ్‌లోకి వెళ్ళాక మెల్లగా అడిగింది.

"మేడమ్, మీ ఆప్షనల్ ఏమిటి?"

"తెలుగు సాహిత్యం."

"ఏ బ్యాచ్?"

"సోమవారం."

"ఠీక్ హై. బైఠియే," అంది ఇషిత. కారు తలుపు పైకెత్తి పక్క సీటు చూపించింది.

ఫోన్లు నియమం ప్రకారం బయటి ట్రేలో పెట్టారు. ఇషిత స్టీరింగ్ ముందు, అరుంధతి పక్క సీట్లో. తలుపులు పైనుంచి కిందికి రెక్కల్లా మూసుకున్నాయి. షట్టరు దిగింది. ఇంజను గర్జించింది. రోలర్లు తిరిగాయి. నలభై, ఎనభై, నూట ఇరవై. అక్కడ వేగం నిలబడిపోయింది.

స్పీకర్లో వోల్కర్ గొంతు ఇంగ్లీషులో పలికింది. "గుడ్ మార్నింగ్, మిస్ అరుంధతి."

అరుంధతి పక్కకి తిరిగి చూసింది. ఇషిత ముఖంలో రక్తం లేదు.

"థ్యాంక్యూ ఇషితా. పేరు చెప్పినందుకు. కానీ రెండు చోట్ల పనిచేసేవాళ్ళని నేను ఎక్కువ కాలం ఉంచుకోను. మైలేజ్ పరీక్షలో ప్రమాదం జరిగింది, పొగ పైపు ఊడిపోయింది. అంతే. గుడ్ బై."

వెనక ఏదో ధడాల్న పడింది. అద్దంలో చూస్తే తొండం నేల మీద ఉంది. పొగ గొట్టం గదిలోకే నల్లగా కక్కుతోంది. కంట్రోల్ రూమ్ అద్దం వెనక పొడుగాటి నీడ కోటు తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఇషిత తలుపు పిడి లాగింది. రాలేదు. కాలితో తన్నింది. కదల్లేదు. అరుంధతి డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బటన్ నొక్కింది. ఎమర్జెన్సీ స్టాప్. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది.

"వైర్ కాట్ దియా ఉస్‌నే, కోసేశాడు," అంది ఇషిత.

"కిటికీ పగలగొడదాం."

"పాలికార్బొనేట్. హ్యామర్‌తో కూడా పగలదు. పగిలినా బయట పొగే కదా, ఆంటీ!"

కారు ఒక పెట్టె. గది ఇంకో పెట్టె. గడియారంలో అంకె తొంభై నుంచి రెండు వందల పదికి పోయింది. ఏసీ రంధ్రాల్లోంచి పొగ వాసన సన్నగా వస్తోంది. అరుంధతి చీర కొంగు పళ్ళతో చింపి ఒక్కో రంధ్రంలో కుక్కింది. నాలుగు దేశాల గూఢచారుల్ని పట్టుకున్న చేతులు, ఇప్పుడు గుడ్డముక్కలు కుక్కుతున్నాయి. అయినా అంకె పెరుగుతూనే ఉంది. నెమ్మదిగా, అంతే తేడా.

"నా పేరు ఎందుకు చెప్పావు?"

ఇషిత స్టీరింగ్ మీద తల ఆనించింది. "రేసింగ్ సీటు ఇప్పిస్తానన్నాడు. యూరప్‌లో. డెమో కారులో ఒక ఫైల్ వెయ్యి, మైలేజ్ తక్కువ చూపిస్తుంది, బస్, కాంట్రాక్ట్ పోతుంది అన్నాడు. ఎవరూ చనిపోరు అన్నాడు. పృథ్వీది సూసైడ్ అన్నారు, నిజంగా నమ్మేశా. సచ్ మే."

"ఏడుపు తరవాత. ఈ ఇంజను ఎప్పుడు ఆగుతుంది?"

"వోల్కర్ లాక్ చేశాడు. పెట్రోల్ అయిపోతే ఆగుతుంది. ట్యాంక్ ఫుల్."

"ఇంకెలాగైనా?"

ఇషిత తల ఎత్తింది. "బ్యాటరీ నిండితే. నైంటీ ఫైవ్ పర్సెంట్ అవగానే డబ్బా ఇక కరెంట్ తీసుకోదు, ఇంజన్‌ని కూడా పడుకోబెట్టేస్తుంది. పృథ్వీ అలా రాశాడు. దాన్ని బయటినుంచి లాక్ చెయ్యలేరు."

తొంభై ఐదు దగ్గర ఆగాలి. పృథ్వీరాజ్ పంపిన మాట అరుంధతికి గుర్తొచ్చింది. "ఆ లైను తీసేస్తే?"

"ఆగదు. నిండినా ఇంకా నింపుతూనే ఉంటుంది..." ఇషిత బ్యాటరీ మీటరు వైపు చూసింది. "బ్యాటరీ పేలిపోతుంది. ఓ గాడ్. మైలేజ్ ఫైల్ కాదది. డెమో కారులో ఉదయ్‌కిరణ్ ఉన్నాడు! నా టీమ్‌మేట్!"

"ఈ కారులో ఏ ఫైలు ఉంది?"

"పాతది."

"నిజం చెప్పు."

"రెండిట్లోనూ వెయ్యమన్నాడు. నిన్న సాయంత్రం డెమో కారులో వేశాను. తరవాత ఇక్కడికి వచ్చాను. కూర్చోగానే ఇది కనిపించింది." స్టీరింగ్ మధ్యలో పసుపు కాగితం ముక్క అంటించి ఉంది. గుండ్రటి చేతిరాతలో 'హల్కా బ్రేక్, భర్‌పూర్ కరెంట్' అని, అంటే మెల్లగా బ్రేకు వేస్తే నిండుగా కరెంటు అని ఉంది. "నాకు గట్టిగా తొక్కడం అలవాటని పృథ్వీ అంటించాడు. చూశాక చెయ్యి ఆడలేదు. వేసేశానని వోల్కర్‌కి అబద్ధం చెప్పాను."

గడియారం ఏడు వందల అరవై చూపిస్తోంది. అరుంధతి కణతల్లో ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. ఈ పిల్ల విభాగానికి అబద్ధం చెప్పింది. వోల్కర్‌కీ చెప్పింది. ఇప్పుడు తనకి చెబుతున్నదేమిటి? పాత ఫైలయితే బతుకుతారు. కొత్తదయితే ఈ పెట్టెలోనే కాలిపోతారు. చెప్పేది అబద్ధమయితే చెప్పినవాళ్ళు కూడా తన పక్కనే కాలాలి. నమ్మడానికి అంతకంటే మంచి కారణం ఆమెకు దొరకలేదు.

"రోలరే మన చక్రాల్ని తిప్పుతుంది కదా. బ్రేకు తొక్కితే వేగం తగ్గకుండా అది ఇంకా తోస్తుంది. ఆ తోపుడంతా మన బ్యాటరీలోకే. అవునా?"

ఇషిత కళ్ళు పెద్దవయ్యాయి. "అవును. కానీ గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులు పడతాయి, అంతా వేడిలో పోతుంది. హల్కా తొక్కాలి."

"తొక్కమ్మా. ఆయన నేర్పినట్టే తొక్కు."

మీటరు మీద బ్యాటరీ ముప్ఫై ఒకటి దగ్గర ఉంది. ఇషిత పాదం పెడల్ మీద ఆనింది. రోలర్ల మోత మారింది. ముప్ఫై మూడు. ముప్ఫై ఎనిమిది. నలభై ఆరు.

గడియారం వెయ్యి దాటింది. పారిపో అన్నాడు చీఫ్. అరుంధతికి నవ్వొచ్చింది. నవ్వితే గాలి ఖర్చని ఆపుకుంది.

అరవై. డెబ్భై. ఇషిత తల ఒక పక్కకి వాలుతోంది, పాదం జారుతోంది. అరుంధతి వంగి ఆమె మడమ పట్టుకుని పైకి నెట్టింది.

"ఎక్కువ నొక్కకు ఆంటీ... బస్... ఇంతే..."

"మాట్లాడుతూ ఉండు. నీ ఇంటిపేరేమిటి?"

"కొమ్... కొమ్మూరి..."

"మీవాళ్ళది ఏ ఊరు?"

"మమ్మీకి తెలుసు. నాకు... తెలీదు."

ఎనభై నాలుగు. తొంభై. గడియారం రెండు వేల నాలుగు వందలు. అంకెలు అరుంధతి కళ్ళకి రెండేసిగా కనిపిస్తున్నాయి. తొంభై మూడు. తొంభై నాలుగు. తొంభై ఐదు.

ఇంజను ఆగలేదు.

అరుంధతి ఇషిత వైపు చూసింది. ఇషిత ఆమె వైపు చూసింది. తొంభై ఆరు. ఎక్కడో సీటు వెనక బ్యాటరీ చిటపటమన్నట్టు వినిపించింది. నిజమో భ్రమో తెలియలేదు.

"పాతదే వేశాను ఆంటీ," అంది ఇషిత గుసగుసగా. "మమ్మీ కసమ్, ఒట్టు."

ఆ మాట పూర్తవుతుండగా గర్జన తెగిపోయింది. పృథ్వీరాజ్ జాగ్రత్త మనిషి. మీటరు అయిదు సెకన్లు నిలకడగా చూపిస్తే తప్ప నమ్మకుండా రాసుకున్నాడు.

ఇంజను పడుకుంది. కానీ గదిలో పొగ అలాగే ఉంది.

"ఇప్పుడు కారు కరెంటు మోటారు పెడల్ ఎవరి చేతిలో ఉంది?"

"నా కాలి కింద."

"రెండొందల యాభై దాటించు. షట్టరు దానంతటదే లేస్తుంది."

ఇషిత పెడల్‌ని నేలకి అణిచేసింది. నూట ఇరవై దగ్గరే ఆపాలని రిగ్ వెనక్కి లాగింది. దాచుకున్న కరెంటంతా ఒక్కసారి విదిలించి కారు ముందుకి లాగింది. పట్టీలు కీచుమన్నాయి. నూట ఎనభై. రెండు వందల పది. బ్యాటరీ నీళ్ళలా కారిపోతోంది, అరవై, నలభై. వేగం మాత్రం ఎక్కుతోంది. రెండు వందల నలభై. నలభై ఆరు. రెండు వందల నలభై తొమ్మిది.

సైరన్.

షట్టరు పైకి లేచింది. ఆ సందులోంచి ఫరీదాబాద్ గాలి, లోకంలోకెల్లా మురికి గాలి, అమృతంలా లోపలికి దూసుకొచ్చింది. రెండు చేతుల్లో టీ గ్లాసులతో నాగభూషణం నిలబడి ఉన్నాడు. గ్లాసులు జారిపోయాయి. "ఓలమ్మో!" అంటూ పరుగెత్తి, బానెట్ పక్కన, తలుపులు బయటినుంచి విడిపించే రింగు పట్టుకు లాగాడు. తలుపులు తెరుచుకున్నాయి.

ట్రేలో ఫోన్లు లేవు. అరుంధతి నాగభూషణం ఫోన్ లాక్కుని చీఫ్ నంబరు నొక్కింది. గడియారంలో పదకొండు యాభై ఆరు.

"సార్, ఆప్షనల్ మార్చుకుంటున్నా. డెమో ఆపండి."

"పావుగంట ముందే మొదలైపోయింది. మూడో ల్యాప్ నడుస్తోంది," అన్నాడు భీమేశ్వరరావు. వెనక కారు హోరు.

"డ్రైవర్‌ని బ్రేకు ముట్టుకోవద్దని చెప్పండి. తొక్కితే పేలిపోతుంది!"

ఫోన్‌లోంచి పరుగు చప్పుడు, ఎవరో అరవడం, ఎవరినో తోసెయ్యడం. తరవాత చీఫ్ గొంతు, ఆయాసంతో. "రేడియో దగ్గరున్నాను. నేనెవరినని అడుగుతున్నాడు. నమ్మడం లేదు."

ఇషిత ఫోన్ లాక్కుంది. "స్పీకర్ పెట్టండి సర్! ఉదయ్! ఇషితని. బ్యాటరీ ఎంత ఉంది?"

రేడియోలో బొంగురుగా జవాబు. "నైంటీ నైన్. కర్వ్ ఆ రహా హై, బ్రేక్ వేస్తున్నా..."

"బ్రేక్ మత్ ఛూనా! కాలు తీసెయ్. సీదా మలుపు అవతలి గ్రావెల్‌లోకి వదిలెయ్. ఫైల్ నేనే మార్చాను ఉదయ్, నేనే! నీ కాలు తీసెయ్!"

ఒక క్షణం ఏమీ లేదు. ఆ తరవాత టన్నుల కొద్దీ గులకరాళ్ళు ఎగిరిపడిన చప్పుడు. ఇంకో క్షణం. ఇంకో క్షణం.

"ఎడమ మణికట్టు విరిగినట్టుంది," అంది రేడియో. "తూ పాగల్ హై క్యా, ఇషితా?"

ఇషిత నేల మీద కూలబడిపోయింది. ఏడుస్తోందో, గాలి పీలుస్తోందో తెలియలేదు. అరుంధతి ఆమె పక్కనే చతికిలబడింది. చిరిగిన కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

"నిన్ను వదిలేస్తానని అనుకోకు," అంది.

"అనుకోలేదు ఆంటీ."

"మొత్తం చెప్పాలి. పృథ్వీరాజ్ తల్లి ముందు కూడా."

ఇషిత తల ఊపింది. అది అన్నిటికంటే కష్టమైన సంగతని ఇద్దరికీ తెలుసు.

వోల్కర్ ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళలేకపోయాడు. ఢిల్లీ సరిహద్దులో పోలీసులు అతని కారు ఆపారు. గూఢచారి అని కాదు. పొగమంచు రోజుల్లో ఆ పాత డీజిల్ బండికి నగరంలో ప్రవేశం లేదు. ఆర్కిడ్ ముఠా మనిషి రోడ్డు పక్కన చలానా కోసం వరసలో నిలబడి, తన వంతు రాకముందే విభాగానికి దొరికిపోయాడు. అతని సూట్‌కేసులో పృథ్వీరాజ్ ల్యాప్‌టాప్ ఉంది.

మర్నాడు ఆస్పత్రిలో అరుంధతి మంచం దగ్గరికి భీమేశ్వరరావు ఓ కాగితం పట్టుకొచ్చాడు.

"నాగభూషణం పంపాడు. నిన్నటి పరీక్ష రిపోర్టు. మీరు ప్రాణాలతో కుస్తీ పడుతుంటే యంత్రం తన పని తాను చేసుకుపోయిందట. ఇన్‌స్పెక్టర్ సునంద సంతకం కావాలి."

అరుంధతి కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. వేగం నిలబడ్డాకే పొగని కొలిచి పెట్రోలు లెక్కగట్టే యంత్రానికి, నిన్న పైపు ఊడిపోవడంతో పొగే అందలేదు. అందుకని నిజాయితీగా రాసింది. గరుత్మ, గరిష్ఠ వేగం రెండు వందల యాభై ఒకటి, ఖర్చయిన పెట్రోలు సున్నా.

"చించెయ్యండి సార్," అంది కాగితం తిరిగి ఇచ్చేస్తూ. "ఇది బయటికి పొక్కిందంటే ప్రపంచంలో ఉన్న గూఢచారులంతా రేపటికల్లా ఫరీదాబాద్‌లో గది అద్దెకి అడుగుతారు."